ఒకే చేతి రక్తం

"ఆ నర్సు ఉద్యోగం ఊడేదాకా నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను!"

మరదలు కంచాన్ని విసురుగా తోసేసింది. అది బల్ల చివరిదాకా జారింది. అమ్మ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది గాని, లేకపోతే నేలపాలయ్యేదే.

"నువ్వు తిండి మానేస్తే వాడికి తగ్గిపోతుందా? తినవే తల్లీ. నువ్వు కూడా కళ్ళు తిరిగి పడితే ఈ వయసులో నేనెంతమంది మంచాల దగ్గర కూర్చోను?"

"గొంతు దిగట్లేదు అత్తయ్యా! ఎన్నాళ్ళు ఎదురుచూశాం ఆ ఫోన్ కోసం! స్నానానికి వెళ్ళినా పక్కనే పెట్టుకునేదాన్ని. వచ్చింది. కిడ్నీ దొరికింది, బయల్దేరమన్నారు. చెప్పులేసుకుంటుంటే మళ్ళీ ఫోను. ఈయన రక్తంలో ఏదో క్రిమి పెరుగుతోందట, ఇప్పుడు ఆపరేషన్ కుదరదట, వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తున్నారట! చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి అత్తయ్యా. అలాగే కూర్చుండిపోయాను."

ఈ మాట ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పిందో! ప్రతిసారీ చెప్పుల దగ్గరికి వచ్చేసరికి తన పాదాల వైపు చూసుకుంటోంది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అక్క సింకు దగ్గర నిలబడి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. ఈ ఇంటికి పెద్దపిల్ల ఆమె. తమ్ముడి కిడ్నీలు పాడైనప్పటి నుంచీ ఇంటికి జీతం తెచ్చేది కూడా ఆమే. తమ్ముడు ఇప్పుడు పడుకుని ఉన్న ఆసుపత్రిలోనే రోగులకు రక్తం తీసే పని.

"వదినా, నువ్వేం మాట్లాడవేం?" మరదలు అటు తిరిగింది. "ఆసుపత్రి సంగతులు నీకు తెలిసినట్టు మాకు తెలీదు కదా. ఆయన ఛాతీలో పెట్టిన ట్యూబు మూత తీసేది, పెట్టేది ఆ డయాలసిస్ నర్సేగా? క్రిమి ఇంకెక్కణ్ణించి వస్తుంది?"

"ఏమో."

"ఏమో ఏంటి వదినా!"

"చర్మం మీంచి కూడా రావచ్చు."

"ఎవరి చర్మం?"

గ్లాసు జారి సింకులో పడింది. పగల్లేదు. అక్క దాన్ని తీసి బోర్లించింది.

"ఎవరిదైనా," అంది.

"ఇంక దాన్ని వేధించకే," అంది అమ్మ. "తమ్ముడి గురించి దాని ప్రాణం మాత్రం కొట్టుకోవట్లేదా? పురిటిపిల్లలకి కూడా ఒక్క పోటుకే రక్తం తీస్తుంది నా కూతురు. ఆసుపత్రంతా దాన్ని ఒక్కపోటు, ఒక్కపోటు అని పిలుస్తారు. దానికే ఆ ట్యూబు పని కూడా ఇచ్చి ఉంటే మనకీ గతి పట్టేదా?"

"అదే అంటున్నా. ఆ నర్సు గనక మనింటి మనిషైతే ఈ గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. దాని మొహం జన్మలో చూడను."

అక్క చేతులు తుడుచుకుంది. "డ్యూటీకి టైమైంది," అని వెళ్ళిపోయింది. సంచీ తీసుకోవడం మర్చిపోయి మళ్ళీ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పట్టుకుపోయింది.

చూడటానికి మొహం చెల్లితే కదా!

ఒక్కపోటు అన్న పేరు ఊరికే రాలేదు. అక్క గ్లవ్స్ తొడుక్కోగానే కుడిచేతి చూపుడువేలి కొస కత్తెరతో కత్తిరించేసేది. రబ్బరు మీంచి నరం అందదు, వేలికి తగిలితేనే దాని ఆచూకీ తెలుస్తుంది. స్పిరిట్‌తో తుడిచిన చోటే మళ్ళీ ఆ ఉత్త వేలు పెట్టి నొక్కి చూసి, సూది దించేది. దిగిందంటే రక్తం రావలసిందే. పిల్లల తల్లులు దండాలు పెట్టేవారు. ముసలివాళ్ళు ఆమె కోసం బెంచీల మీద గంటల తరబడి కాచుక్కూర్చునేవారు. చూసిన పెద్దలు చూడనట్టే ఊరుకున్నారు.

తప్పని ఆమెకు తెలియదా? భేషుగ్గా తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేది ఆమే.

"తుడిచాక తడి ఆరనివ్వాలి. ఆరాక మళ్ళీ ముట్టుకున్నారంటే తుడిచిందంతా గంగపాలే. కల్చర్ సీసా అంటే క్రిమి ఉంటే పెరగడానికి తిండి పెట్టి ఉంచిన సీసా. మీ వేలి మీద ఉన్నదైనా సరే, దానికి ఒకటే, శుభ్రంగా పెంచుతుంది. సీసా మూత మీద కూడా స్పిరిట్ పెట్టండి. మిగతా గొట్టాలతో పాటు దీన్ని కూడా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పడేశారో, వీపు చీరేస్తాను. అన్నిటికన్నా ముఖ్యం, రెండు చేతులకీ విడివిడిగా గుచ్చాలి. ఒక చేతి సీసాల్లో పెరిగి, రెండోదాంట్లో పెరగకపోతే అది చర్మం మీది చెత్త. రెండిట్లోనూ ఒకటే పెరిగిందా, అది రక్తంలోనే ఉన్నట్టు."

ఇంత చక్కగా చెప్పే మనిషి, తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఏం చేసింది?

కిడ్నీ ఫోను రావడానికి ముందు, ఆ వేళ తమ్ముడికి జ్వరం, వణుకు. వేరే ఎవరినీ చెయ్యి ముట్టుకోనివ్వలేదు. అక్కే రావాలన్నాడు. ఎడమచెయ్యి పాత ఆపరేషన్లతో కుళ్ళబొడిచినట్టుంది, దాని మీద దుప్పటి తగిలినా మూలుగుతాడు. "ఒక్కసారికే కానిచ్చెయ్యక్కా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు. కుడిచేతి నరాన్ని ఉత్త వేలితో వెతికి పట్టుకుంది. రక్తం బాగా వచ్చింది. నాలుగు సీసాలూ ఆ ఒక్క పోటుతోనే నింపేసింది. రెండిటి మీద కుడి అని, రెండిటి మీద ఎడమ అని రాసింది. తమ్ముడి తల నిమిరి వెళ్ళింది.

నాలుగింటిలోనూ పెరిగింది. పెరగదూ మరి? అన్నిటిలోనూ ఉన్నది ఒకే చేతి రక్తం, ఒకే వేలి మురికి.

---

ల్యాబ్ కిటికీ దగ్గర డయాలసిస్ నర్సు నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. యూనిఫాం లేదు, ఇంటి బట్టల్లో ఉంది.

"నీ కోసమే ఉన్నానక్కా. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు."

అక్క సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది.

"మీ మరదలు వార్డులో అందరి ముందూ నన్ను హంతకురాలంది. అననీ, ఆవిడ కడుపుమంట ఆవిడది. కానీ నేను మాస్కు లేకుండా ఆ మూత ఏనాడూ తీయలేదక్కా. మూత తుడవకుండా ముట్టలేదు. మీ తమ్ముణ్ణి అడుగు. కుర్చీలో కూర్చుని నన్ను ఆటపట్టించేవాడు, ఎన్నిసార్లు కడుగుతావమ్మా చేతులు, అరిగిపోతాయి అని."

"నువ్వేం తప్పు చేయలేదు."

"నువ్వంటే నమ్ముతారక్కా. ఆ మాట లోపలికొచ్చి పెద్దవాళ్ళతో చెప్తావా?"

"చెప్తాను," అంది అక్క.

నర్సు ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అక్క చటుక్కున చేతులు లాక్కుంది. పాపం ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది, ఎందుకు లాక్కుందో!

---

"ఒక్కపోటుగారు దయచేశారా?" అన్నాడు తమ్ముడు.

గోడవైపు మంచం. మెడ కింద, ఛాతీ మీద తెల్లటి కట్టు, అందులోంచి బయటికి వచ్చిన రెండు మూతల ట్యూబు. మందు సీసా చుక్కచుక్కగా దిగుతోంది. మొహం పాలిపోయి ఉన్నా వెటకారానికి మాత్రం లోటు లేదు.

"తిన్నావా?"

"తిన్నా. నీళ్ళే, చెంచాతో కొలిచి పోస్తున్నారు. ఈసారి పుడితే చేపగా పుడతానక్కా." నవ్వబోయి ఆపాడు. "క్రిమి ట్యూబుకే పట్టి ఉంటుందని మధ్యాహ్నం దాన్ని తీసేస్తారట."

"కొత్తది ఎక్కడ పెడతామన్నారు?"

"దొరికితే పెడతారట. స్కాన్ చూపించి చెప్పింది డాక్టరమ్మ. మెడలో నరాలు అటూ ఇటూ మూసుకుపోయాయి. తొడలో పెడితే గడ్డకట్టింది, నీకు గుర్తేగా. నడుము దగ్గర ఏదో ఉందట, చూద్దాంలే అంది. డాక్టర్లు చూద్దాంలే అంటే నాకు వణుకొస్తుందక్కా. ఇదొక్కటే దారిట, రక్తం బయటికొచ్చి శుభ్రమై లోపలికెళ్ళడానికి. అది కూడా పీకేస్తున్నారు."

అక్క మంచం పట్టీ పట్టుకుంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట. "రేయ్, ఆ రోజు నేను నీకు..."

"వద్దు."

"వినరా."

"వద్దంటున్నానా? నా చేతికి ఎన్నిసార్లు గుచ్చావో నాకు తెలీదా అక్కా?"

పక్క మంచం రోగి దగ్గాడు. తమ్ముడు గొంతు తగ్గించాడు.

"రెండు చేతుల్లోనూ పెరిగింది, రెండు చేతుల్లోనూ పెరిగింది అని డాక్టరమ్మ అంటుంటేనే నాకు తెలిసిపోయింది. ఎడమచెయ్యి నువ్వసలు ముట్టుకోలేదు. నేనే వద్దన్నాను."

"తెలిసీ నోరు మూసుకున్నావా! ట్యూబు తీసేస్తామంటే కూడా?"

"నోరు తెరిస్తే ఏమవుతుంది? నీ చేతిలో సూది లాక్కుంటారు. ఇక్కడే కాదు, ఇంకెక్కడా పట్టనివ్వరు. అమ్మనీ, నా పెళ్ళాన్నీ ఎవరు చూస్తారు? నేనా?" తన ఒంటివైపు చూపించాడు. "నా సంగతి నాకు తెలుసు. ఆ కిడ్నీ ఇంక తిరిగి రాదు. రేపోమాపో పోయేవాడి కోసం ఇల్లంతా ముంచుకుంటావా?"

"అలా అనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, అలా అనకు."

"నా పెళ్ళానికి తెలిసిందో, నిన్ను ఇంట్లోకి రానివ్వదు. దాని సంగతి నీకు తెలీదు. పట్టు పట్టిందంటే అంతే."

అక్క ఏడుస్తోంది. ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది. "నేను చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"చెప్తే నేను నీతో మాట్లాడను," అన్నాడు.

చిన్నప్పుడు ప్రతి పోట్లాటకీ అదే మాట అనేవాడు. అక్క లేచి, కళ్ళు తుడుచుకోకుండానే బయటికి నడిచింది.

---

డాక్టరమ్మ పూర్తిగా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అక్క చెప్పడం అయిపోయాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న నువ్వు ఇదే గదిలో ఏం చేశావు?"

అక్క తల దించుకుంది.

"నా కాళ్ళ మీద పడ్డావు. ట్యూబు తీయొద్దు, మా తమ్ముడికి ఇంకో దారి లేదు అని ఏడ్చావు. కుదరదన్నాను. నిన్నెందుకు చెప్పలేదు ఈ మాట?"

"భయమేసింది మేడమ్."

"ఇవాళ పోయిందా భయం?"

"పోలేదు."

డాక్టరమ్మ నిట్టూర్చింది. కసురుకునే మనిషే గానీ చెడ్డది కాదు. "చూడమ్మా. నిన్ను ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. ఈ ఆసుపత్రిలో రక్తం తీయడం నీ తర్వాతే ఎవరైనా. అలాంటిదానివి, నీ సొంత తమ్ముడికి ఇంత నిర్లక్ష్యంగా చేశానంటే నమ్మమంటావా?"

"గ్లవ్ వేలు కత్తిరించుకుంటాను మేడమ్. అందరికీ తెలుసు. ఎవరినైనా పిలిచి అడగండి."

"సరే, వేలు కత్తిరించావు. చర్మం మీది క్రిమి సీసాలోకి వెళ్ళింది. ఒక జతలో వెళ్తుంది. రెండు జతల్లో ఎలా వెళ్తుంది?"

"అదే చెప్తున్నాను కదా! రెండూ ఒక్క చేతివే. ఒక్కసారే గుచ్చాను. సీసాల మీద అబద్ధం రాశాను."

"అది నీ మాట."

"మందు ఆపేసి మళ్ళీ రక్తం తీయించండి. నేను కాదు, ఇంకెవరైనా తీయనీండి. ఏమీ పెరగదు."

"మందు మొదలుపెట్టాక తీసిందాంట్లోనూ ఏమీ పెరగలేదు. మందు పనిచేస్తోందని దానర్థం. ఆపేసి, ఆ క్రిమి ట్యూబు పట్టుకుని పాకి గుండెలోకి వెళ్తే?" డాక్టరమ్మ గొంతు పెరిగింది. "నువ్వు చెప్పేది నిజమైతే ట్యూబు ఉంచొచ్చు. ఇవాళే మళ్ళీ పేరు వరసలో ఎక్కించొచ్చు. అబద్ధమైతే మాత్రం, నీ మాట పట్టుకుని నేనొక మనిషిని చంపినదాన్నవుతాను. తమ్ముడి మీద ప్రేమతో అక్క ఏదైనా చెప్తుంది. నేను ఎవరి మాట నమ్మాలి?"

"వాణ్ణి అడగండి." అక్క రెండు చేతులూ జోడించింది. "గుచ్చింది వాడికే కదా. వాడికి తెలుసు. ఇందాకే నాతో అన్నాడు. వాడి నోటితో చెప్తే నమ్ముతారా?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని లేచింది. "అతను ఒక్కసారే అంటే ట్యూబు జోలికి పోను. పద."

వరండా పొడుగునా అక్క ఆవిడ వెనకాల దాదాపు పరుగెత్తింది. ఎన్నో రోజుల తర్వాత ఆమెకు ఊపిరాడింది. ఉద్యోగం పోతే పోనీ. ఇంట్లోంచి గెంటేస్తే గెంటేయనీ. వాడుంటే చాలు. ఎక్కడో ఒకచోట అంట్లు తోముకునైనా బతకొచ్చు. వాడు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఉండి మాట్లాడకపోతే చాలు.

మంచం దగ్గర అమ్మ, మరదలు అప్పటికే వచ్చి ఉన్నారు. డాక్టరమ్మని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. మంచాన్ని ఆపరేషన్ గదికి తీసుకెళ్ళడానికి వార్డు మనిషి కూడా వచ్చి కాళ్ళ వైపు నిలుచున్నాడు.

"నేనొకటి అడుగుతాను, సూటిగా జవాబు చెప్పు," అంది డాక్టరమ్మ తమ్ముడితో. "జ్వరమొచ్చిన రోజు మీ అక్క కల్చర్‌కి రక్తం తీసింది కదా. నీకు ఎన్నిసార్లు గుచ్చింది?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క తల ఊపింది. చెప్పరా, చెప్పెయ్యి అన్నట్టు గట్టిగా ఊపింది. అమ్మకు ఏమీ అర్థంకాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

అతను అక్క మీంచి చూపు డాక్టరమ్మ వైపు తిప్పాడు.

"రెండు," అన్నాడు.

"రేయ్!"

"కుడిచేతికోటి, ఎడమచేతికోటి." మెల్లగా దుప్పటి తొలగించి, గుంటలు పడ్డ ఎడమచెయ్యి బయటికి తీశాడు. ఆ పాత మచ్చల్లో ఒకదాని మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ. బాగా నొప్పెట్టింది కూడా."

"అబద్ధం! మేడమ్, అబద్ధం చెప్తున్నాడు! నన్ను కాపాడాలని చెప్తున్నాడు. ఒరేయ్, నిజం చెప్పరా, నీ కాళ్ళు పట్టుకుంటానురా!"

"ఏమైందే నీకు?" అమ్మ కంగారుగా దగ్గరికి వచ్చింది. "డాక్టరమ్మా, నా కూతురు అలాంటి పని చేసే మనిషి కాదండీ. రెండు గుచ్చమంటే రెండే గుచ్చుతుంది."

"వదిన ఏం చెప్పింది మీతో?" అంది మరదలు.

డాక్టరమ్మ అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మెత్తగా ఉంది. "తప్పు తనదేనని చెప్పిందమ్మా. ట్యూబు తీయకుండా ఆపాలని నేరం తన మీద వేసుకుంది. ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళండి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోనివ్వండి." వార్డు మనిషికి సైగ చేసింది.

మరదలు ఒక్క అంగలో వచ్చి అక్కను కావలించుకుంది. "వదినా! ఆయన కోసం నీ ఉద్యోగం పోగొట్టుకుందామనుకున్నావా? నేను పొద్దున నిన్ను నిలదీశాను, నన్ను క్షమించు వదినా!" అని భోరున ఏడ్చింది.

"కాదమ్మా. నేనే. నిజంగా నేనే."

"నాకు తెలుసు వదినా. నువ్వేం చెప్పక్కర్లేదు."

ఆ పిల్ల చేతులు విడిపించుకోవడానికి అక్క పెనుగులాడింది. అమ్మ కూడా వచ్చి పట్టుకుంది. వార్డు మనిషి కాలితో మంచం బ్రేకు వదిలాడు. తమ్ముడు ఎడమచేతిని మళ్ళీ దుప్పటి కిందికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు.

"పదండి డాక్టరమ్మా," అన్నాడు.